మూడు సింగ్లెట్లు, 5:2:3. ఇది మిథైల్ ఫినైల్‌ఎసిటేట్ ఎందుకు కాదు?

సీసానంబర్7:

అందరికీ నమస్కారం. ల్యాబ్‌లో తెలియని ద్రవం ఒకటి చిన్న సీసాలో ఇచ్చి, స్పెక్ట్రాలు (అణువు నిర్మాణానికి ఆనవాళ్ళు ఇచ్చే గ్రాఫులు) తీసుకుని నిర్మాణం తేల్చమన్నారు. నేను మిథైల్ ఫినైల్‌ఎసిటేట్ అని రాశాను. తప్పు, అది బెంజైల్ ఎసిటేట్ అన్నారు. జవాబు తెలిసింది కానీ నా జవాబు ఎక్కడ తప్పిందో మాత్రం రెండు రోజులుగా బుర్రకెక్కడం లేదు. రేపు ఇంకో సీసా ఇస్తే మళ్ళీ ఇదే తప్పు చేస్తానేమోనని టెన్షన్‌గా ఉంది, అందుకే ఇక్కడ అడుగుతున్నాను.

ఫార్ములా వాళ్ళే ఇచ్చారు, సీ9హెచ్10ఓ2. అసంతృప్తత (అణువులోని రింగులు, అదనపు బంధాల సంఖ్య) లెక్క వేస్తే 5 వచ్చింది. బెంజీన్ రింగుకి 4, ఒక కార్బొనిల్‌కి (సీ=ఓ) 1, సరిపోయింది. ఇక్కడిదాకా నాకు అనుమానం లేదు.

ఐఆర్‌లో (ఇన్‌ఫ్రారెడ్ స్పెక్ట్రమ్) 1743 దగ్గర చాలా బలమైన పీక్, 1230 దగ్గర ఇంకో బలమైనది, 750, 697 దగ్గర రెండు. 3300 ప్రాంతంలో ఏమీ లేదు కాబట్టి ఓహెచ్ లేదు. ఎస్టర్ అనుకున్నాను.

ప్రోటాన్ ఎన్‌ఎంఆర్ (హైడ్రోజన్లు ఎలాంటి చోట ఉన్నాయో పీపీఎం స్కేలు మీద చూపించేది) డ్యూటీరియో క్లోరోఫామ్‌లో తీశాను: 7.35 దగ్గర 5 ప్రోటాన్లు, 5.10 దగ్గర 2 ప్రోటాన్ల సింగ్లెట్ (చీలని ఒంటి పీక్), 2.09 దగ్గర 3 ప్రోటాన్ల సింగ్లెట్. ఇవి కాక 2.17 దగ్గర చిన్న పీక్ (ఇంటిగ్రేషన్, అంటే ప్రోటాన్ల లెక్క చెప్పే పీక్ వైశాల్యం, 0.4 వచ్చింది), 1.56 దగ్గర కాస్త వెడల్పాటి పీక్ కూడా ఉన్నాయి, ఆ రెండూ ఏమిటో తెలియక వదిలేశాను.

కార్బన్ ఎన్‌ఎంఆర్‌లో 170.9, 135.9, 128.6, 128.3, 128.2, 66.3, 21.0. మాస్‌లో (అణువు, దాని ముక్కల భారాలు చూపించే స్పెక్ట్రమ్) 150 మాతృ అయాన్ (విరగని అణువు), 108 బేస్ పీక్ (అన్నిటికంటే పొడవైనది), తర్వాత 91, 43, కొంచెం చిన్నవిగా 79, 65.

నేను ఆలోచించింది ఇది. మాస్‌లో 91 ఉంది కాబట్టి బెంజైల్ ఉంది. ఎస్టర్ ఉంది. మిగిలింది ఒక సీహెచ్3. అంటే బెంజీన్, సీహెచ్2, కార్బొనిల్, ఓసీహెచ్3. మూడూ విడివిడిగా ఉన్నాయి, పక్కన ప్రోటాన్లు లేవు, కాబట్టి మూడూ సింగ్లెట్లే రావాలి, 5:2:3 రావాలి. అన్నీ వచ్చాయి! 5.10 కాస్త ఎక్కువే అనిపించింది కానీ ఒకవైపు బెంజీన్, ఇంకోవైపు కార్బొనిల్, రెండూ కలిసి లాగితే అంత దూరం వెళ్తుందేమో అనుకున్నాను. ఇందులో తప్పెక్కడ?

పాతస్పెక్ట్రమ్:

మీ తప్పు ఎక్కడో మీరే రాశారు చూడండి, "5.10 కాస్త ఎక్కువే అనిపించింది" అన్న చోట. ఆ అనిపించడం సరైనదే, అక్కడ ఆగాల్సింది. ఆగకుండా దానికి ఒక కారణం వెతికి ముందుకు వెళ్ళారు.

ఈ రెండు ఎస్టర్లూ ఒకే ముక్కలతో తయారవుతాయి: ఫినైల్, సీహెచ్2, సీఓఓ, సీహెచ్3. తేడా అంతా మధ్యలో ఉన్న సీఓఓ ఎటు తిరిగి ఉందన్నదే. మిథైల్ ఫినైల్‌ఎసిటేట్‌లో సీహెచ్2కి కార్బొనిల్ కార్బన్ తగులుతుంది, సీహెచ్3కి ఆక్సిజన్ తగులుతుంది. బెంజైల్ ఎసిటేట్‌లో అది తిరగబడి సీహెచ్2కి ఆక్సిజన్, సీహెచ్3కి కార్బొనిల్. కాబట్టి ఎన్ని ప్రోటాన్లు, ఎన్ని పీకులుగా చీలాయి అన్న ప్రశ్నలతో ఈ రెండిటినీ విడదీయడం కుదరదు, అవి రెండిట్లోనూ ఒకటే. ఎక్కడ వచ్చాయి అన్నదొక్కటే చెప్పగలదు.

"రెండూ కలిసి లాగితే" అన్నారు కదా, ఆ ఆలోచన మంచిదే, కానీ దాన్ని లెక్క వేసి చూడండి. రెండు సమూహాల మధ్య చిక్కుకున్న సీహెచ్2కి షూలరీ సూత్రం ఉంది: 0.23 తీసుకుని, రెండు పక్కలా ఉన్న సమూహాల విలువలు కలపడమే. నేను వాడే పట్టికలో ఫినైల్‌కి 1.85, కార్బొనిల్ వైపు నుంచి తగిలిన ఎస్టర్‌కి 1.55, ఆక్సిజన్ వైపు నుంచి తగిలిన ఎస్టర్‌కి 3.13. మీ నిర్మాణానికి 0.23 + 1.85 + 1.55 = 3.63. బెంజైల్ ఎసిటేట్‌కి 0.23 + 1.85 + 3.13 = 5.21. మీకు వచ్చింది 5.10. ఈ సూత్రం పదో వంతు, రెండు పదో వంతులు అటూఇటూ అవుతుంది కానీ ఒకటిన్నర పీపీఎం తప్పు చూపించదు. నిజంగా మిథైల్ ఫినైల్‌ఎసిటేట్ తీస్తే సీహెచ్2 3.62 దగ్గర, ఓసీహెచ్3 3.68 దగ్గర, దాదాపు ఆనుకుని వస్తాయి. ఒకసారి చూస్తే మళ్ళీ మరిచిపోరు.

అసలు నాకు 5.10 కంటే 2.09 ఎక్కువ గట్టి సాక్ష్యంగా కనిపిస్తుంది. ఎస్టర్‌లో ఆక్సిజన్‌కి తగిలిన సీహెచ్3 సాధారణంగా 3.6 నుంచి 3.9 చుట్టుపక్కల ఉంటుంది. 2.09 దగ్గర ఉన్న సీహెచ్3 ఆక్సిజన్‌కి తగిలి ఉండే అవకాశమే లేదు. 5.10 గురించి ఏదో ఒక సర్దుబాటు చెప్పుకోవచ్చు, 2.09కి మాత్రం మీ నిర్మాణంలో చోటే లేదు. మీరు మీ ప్రశ్నలో 2.09 గురించి ఒక్క మాట కూడా రాయలేదు, గమనించారా?

కార్బన్ కూడా ఇదే చెబుతోంది. 66.3 అంటే ఆక్సిజన్‌కి తగిలిన సీహెచ్2, 21.0 అంటే ఎసిటైల్ సీహెచ్3 (కార్బొనిల్‌కి తగిలినది). మీ నిర్మాణమైతే ఓసీహెచ్3 52 దగ్గర, సీహెచ్2 41 దగ్గర రావాలి. ఆ రెండు చోట్లా మీకు ఖాళీ. తొమ్మిది కార్బన్లకి ఏడే పీకులు ఉన్నాయని భయపడకండి, ఒకే ప్రతిక్షేపకం ఉన్న బెంజీన్‌లో ఆర్థోలు రెండూ ఒకటి, మెటాలు రెండూ ఒకటి, అందుకే ఆరు కార్బన్లకి నాలుగు పీకులు.

ఐఆర్‌లో 1743 ఈ రెండిటినీ విడదీయలేదు, రెండూ దాదాపు అక్కడే వస్తాయి. కానీ 1230 దగ్గర అంత బలంగా ఉండటం ఎసిటేట్లకి అలవాటు, సాధారణంగా 1240 చుట్టుపక్కల కనిపిస్తుంది. దాని ఒక్కదాని మీద నేను జవాబు రాయను గానీ, మిగతావన్నీ అటే చూపిస్తుంటే ఇది కూడా తోడు.

మాస్_పీక్:

మాస్ గురించి ఎవరూ రాయలేదు కాబట్టి నేను రాస్తాను, ఎందుకంటే ఈ సీసా జవాబు మాస్‌లోనే పెద్ద అక్షరాలతో ఉంది.

మీరు 91 చూశారు, బెంజైల్ అన్నారు, అక్కడితో మాస్ మూసేశారు. బేస్ పీక్ 108 కదా, అన్నిటికంటే పొడవైన పీక్‌ని వదిలేసి రెండో దానితో నిర్మాణం ఎలా కట్టారు? కోపంతో అనడం లేదు, చాలామంది ఇదే చేస్తారు, 91 పరిచయమైన అంకె కాబట్టి కళ్ళు అక్కడికే పోతాయి.

108 సరి సంఖ్య. మీ అణువులో నైట్రోజన్ లేదు, అణుభారం 150, అదీ సరి సంఖ్య. నైట్రోజన్ లేని అణువులో ఒక బంధం మామూలుగా తెగితే వచ్చే అయాన్ బేసి సంఖ్యలో ఉంటుంది: 91, 43, 65 అన్నీ చూడండి, బేసివే. సరి సంఖ్య వచ్చిందంటే మామూలు తెగడం కాదు, లోపల ఒక హైడ్రోజన్ చోటు మారి, ఒక పూర్తి తటస్థ అణువు బయటికి పోయింది. ఏం పోయింది? 150 − 108 = 42. ఎసిటేట్‌లో 42 అంటే కీటీన్ (సీహెచ్2=సీ=ఓ). ఎసిటైల్ సీహెచ్3 నుంచి ఒక హైడ్రోజన్ ఆక్సిజన్ మీదికి వెళ్తుంది, కీటీన్ ఊడిపోతుంది, మిగిలింది బెంజైల్ ఆల్కహాల్ అయాన్, 108. ఆ తర్వాత అది బెంజైల్ ఆల్కహాల్‌లాగే విరుగుతుంది కాబట్టి 79 కూడా వచ్చింది.

43 ఎసిటైల్ అయాన్. 65 ఏమో 91 నుంచి ఎసిటిలీన్ (26) పోయాక మిగిలింది, అది బెంజైల్ ఉన్న ప్రతిచోటా 91 వెనకాలే వస్తుంది.

ఇప్పుడు మిథైల్ ఫినైల్‌ఎసిటేట్ మాస్ ఎలా ఉంటుందో ఊహించండి. 91 బేస్ పీక్, సీఓఓసీహెచ్3 ముక్క వల్ల 59. అందులో ఎసిటైల్ అనేదే లేదు కాబట్టి 43కి, కీటీన్ పోవడానికి దారి లేదు. మీకు 59 లేదు, 43, 108 ఉన్నాయి.

నేను మాస్ చదివేటప్పుడు మొదట చేసేది సరి సంఖ్యల పీకులకి పెన్సిల్‌తో గుండ్రం చుట్టడం. అవి తక్కువే ఉంటాయి, కానీ ఉన్నవాటికి ప్రతిదానికీ ఒక కథ ఉంటుంది.

హెచ్‌ఎంబీసీ_అభిమాని:

పైవాళ్ళు చెప్పినవన్నీ సరే, కానీ ఇంత లెక్క ఎందుకండీ? రెండు డైమెన్షన్ల ఎన్‌ఎంఆర్ అందుబాటులో ఉంటే హెచ్‌ఎంబీసీ (ఏ హైడ్రోజన్ ఏ కార్బన్‌కి దగ్గర్లో ఉందో చూపించే ప్రయోగం) తీసేయండి. సీహెచ్2కి కార్బొనిల్‌తో సంబంధం ఉందో లేదో నేరుగా కనిపిస్తుంది, ఊహించే పనే లేదు.

డెల్టా_స్కేల్:

క్షమించాలి, హెచ్‌ఎంబీసీ ఈ ఒక్క ప్రశ్నకి పనికిరాదు, తీసి చూస్తే ఇంకా అయోమయం అవుతుంది. అది రెండు, మూడు బంధాల దూరంలో ఉన్న కార్బన్లని చూపిస్తుంది కదా. బెంజైల్ ఎసిటేట్‌లో సీహెచ్2 ప్రోటాన్ నుంచి కార్బొనిల్ కార్బన్‌కి మూడు బంధాలు, సీహెచ్3 ప్రోటాన్ నుంచి రెండు. మిథైల్ ఫినైల్‌ఎసిటేట్‌లో సీహెచ్2 నుంచి రెండు, ఓసీహెచ్3 నుంచి మూడు. అంటే రెండు అణువుల్లోనూ రెండు పీకులూ కార్బొనిల్‌తో చుక్క చూపిస్తాయి. కాగితం మీద రెండు బొమ్మలూ గీసి బంధాలు లెక్కపెట్టండి, నిజంగా ఒకేలా ఉంటాయి. రెండా మూడా అని హెచ్‌ఎంబీసీ చెప్పదు.

దానికంటే డెప్ట్-135 (ఏ కార్బన్ సీహెచ్2, ఏది సీహెచ్3 అని విడదీసే కార్బన్ ఎన్‌ఎంఆర్) తీయించుకోండి, ఇరవై నిమిషాల పని. 66.3 కిందికి తిరిగి సీహెచ్2 అని, 21.0 పైకి నిలబడి సీహెచ్3 అని చెబుతుంది. 170.9, 135.9 మాయమవుతాయి, వాటి మీద హైడ్రోజన్లు లేవు కాబట్టి. 66 దగ్గర సీహెచ్2 అని తేలితే ఇక వాదన లేదు.

ఇంకో మాట, మాస్_పీక్ గారు రాసింది నాకు నచ్చింది కానీ 108 కనిపించగానే బెంజైల్ ఎసిటేట్ అని రాసేయకండి. ఇదే ఫార్ములాతో పారా-టోలైల్ ఎసిటేట్ ఉంది, పారా క్రెసాల్ ఎసిటేట్ అన్నమాట. దానిలోనూ కీటీన్ పోయి 108 బేస్ పీక్‌గా వస్తుంది, 43 కూడా వస్తుంది. మాస్ ఒక్కటే చూసేవాళ్ళు అక్కడ బోల్తా పడతారు. ప్రోటాన్‌లో మాత్రం అది ఒక్క క్షణంలో దొరికిపోతుంది: రింగు మీద 4 ప్రోటాన్లే, 5 దగ్గర ఏమీ ఉండదు, రెండు సీహెచ్3లు 2.3 చుట్టుపక్కల. ఐఆర్‌లో కూడా కార్బొనిల్ 1760 దాటి పైకి వెళ్తుంది, ఎందుకంటే అక్కడ ఎస్టర్ ఆక్సిజన్ మీది జంట రింగులోకి కూడా పంచుకోబడుతుంది, కార్బొనిల్‌కి దక్కేది తగ్గి ఆ బంధం బిగుస్తుంది. మీ 1743 ఆ అణువుని అక్కడే కొట్టేసింది. మీ 750, 697 జంట కూడా ఒకే ప్రతిక్షేపకం ఉన్న రింగుకే వస్తుంది.

అదే ఫార్ములాకి ఇథైల్ బెంజోయేట్ కూడా ఉంది. అది మీ సీసా కాదని చెప్పడానికి రెండు సెకన్లు చాలు, 4.37 దగ్గర క్వార్టెట్ (నాలుగుగా చీలిన పీక్), 1.39 దగ్గర ట్రిప్లెట్ (మూడుగా చీలినది) ఉండాలి, రింగుకి ఆనుకుని ఉండటం వల్ల కార్బొనిల్ 1720కి దిగాలి, మాస్‌లో 105 బేస్ పీక్ కావాలి. నేను ఇలాగే చేస్తాను, ఫార్ములాకి సరిపోయే నాలుగైదు బొమ్మలు ముందే గీసి పెట్టుకుని, ఒక్కొక్క స్పెక్ట్రమ్‌తో కొట్టేసుకుంటూ పోతాను. మొదట తట్టిన ఒక్క బొమ్మకి సాక్ష్యాలు వెతకడం మొదలుపెడితే దొరుకుతూనే ఉంటాయి, మీకు 91 దొరికినట్టు.

సీసానంబర్7:

అందరికీ చాలా చాలా థాంక్స్ అండీ. 2.09 గురించి నేను ఒక్క మాట కూడా రాయలేదన్నది చదివి మళ్ళీ నా నోట్‌బుక్ తీసి చూశాను. అందులో కూడా 2.09 ఎదురుగా "సీహెచ్3, సరే" అని మాత్రమే ఉంది. ఏ సీహెచ్3 అని నన్ను నేను అడుగుకోలేదు.

మరి ఆ 2.17, 1.56 ఏమిటి? 2.17 కూడా ఇంకో ఎసిటైల్ అయి ఉంటుందా? సీసాలో రెండు పదార్థాలు కలిసి ఉన్నాయా?

ద్రావణి:

2.17 అసిటోన్, 1.56 నీళ్ళు. డ్యూటీరియో క్లోరోఫామ్‌లో ఈ రెండు అంకెలూ బట్టీ పట్టేయండి, నిజంగా, ఇది బట్టీ పట్టాల్సిన విషయమే. ట్యూబ్‌ని అసిటోన్‌తో కడిగి పూర్తిగా ఆరనివ్వకుండా వాడి ఉంటారు.

అసిటోన్ అని నేను ఊరికే అనడం లేదు, మీ ఇంటిగ్రేషన్ కూడా అదే అంటోంది. మీ అణువులో 3 ప్రోటాన్లకి 3.0 పెట్టినప్పుడు 2.17కి 0.4 వచ్చింది. మీ అణువులో భాగమైతే పూర్ణసంఖ్య రావాలి, 0.4 ప్రోటాన్ అనేది ఉండదు. అసిటోన్‌లో 6 సమానమైన ప్రోటాన్లు కాబట్టి 0.4ని 6తో భాగిస్తే దాదాపు 0.067, అంటే మీ ఎస్టర్ వంద అణువులకి ఆరేడు అసిటోన్ అణువులు. బరువులో చూస్తే రెండున్నర శాతం పైన, అంతే. కార్బన్‌లో 207, 31 దగ్గర చూడండి, తక్కువ స్కాన్‌లు తీసి ఉంటే నాయిస్‌లో కలిసిపోయి కనిపించకపోవచ్చు.

తెలియని సీసాలు చూసేవాళ్ళకి ఇంకొన్ని చెబుతాను. అదే ద్రావణిలో 7.26 మిగిలిపోయిన మామూలు క్లోరోఫామ్, అది మీ 7.35 పక్కనే ఉంటుంది కాబట్టి రింగు ఇంటిగ్రేషన్‌లో కలిసిపోతే 5 కాస్తా 5.3 అయి కూర్చుంటుంది, జాగ్రత్త. 5.30 డైక్లోరోమీథేన్, ఇది మీ 5.10కి దగ్గర్లో ఉంది, ఈసారి అది లేదు గానీ ఉండి ఉంటే ఇంకా కంగారు పడేవారు. కాలమ్ నుంచి వచ్చిన పదార్థమైతే ఇథైల్ ఎసిటేట్ 4.12 క్వార్టెట్, 2.05 సింగ్లెట్, 1.26 ట్రిప్లెట్. కార్బన్‌లో 77.16 దగ్గర సమానమైన ఎత్తుతో మూడు పీకులు ద్రావణివే, డ్యూటీరియం వల్ల చీలినవి.

ముఖ్యంగా, ఈ అంకెలు ద్రావణిని బట్టి మారిపోతాయి. డీఎంఎస్ఓలో నీళ్ళు 3.33కి వెళ్తాయి, అసిటోన్ 2.09కి వస్తుంది. అవును, 2.09! మీ ఎసిటైల్ ఉన్న చోటే. ఈ సీసాని డీఎంఎస్ఓలో తీసి ఉంటే అసిటోన్, ఎసిటైల్ దాదాపు ఒకదాని మీద ఒకటి పడి 3 రావాల్సిన చోట 3.4 వచ్చేది, కారణం తెలియక తల పట్టుకునేవారు. అందుకే పట్టికలో అంకె చూసేటప్పుడు ఏ ద్రావణికి రాశారో ముందు చూడండి.

ట్యూబ్‌ని వేడి ఓవెన్‌లో చాలాసేపు పెడితే వంగిపోతుంది, కాబట్టి వాక్యూమ్‌లో గానీ మెల్లగా నైట్రోజన్ ఊది గానీ ఆరబెట్టుకోండి.

పాతస్పెక్ట్రమ్:

ద్రావణి గారు చెప్పినదానికి ఒక్కటి కలుపుతాను. "తెలియక వదిలేశాను" అని రాశారు కదా, వదిలేయడం తప్పు కాదు, కానీ ఆ పీక్ పక్కన ప్రశ్నార్థకం పెట్టి జవాబులో కూడా రాయండి. "2.17 వివరించలేదు" అని రాసి ఉంటే నేను దిద్దేవాణ్ణయితే దానికి మార్కు ఇచ్చేవాణ్ణి.

ఇంకో సంగతి, దీనికీ స్పెక్ట్రాలకీ సంబంధం లేదు గానీ చెప్పాలనిపించింది. బెంజైల్ ఎసిటేట్ మల్లె, జాజి పూల పరిమళంలో ఉండే పదార్థం. మిథైల్ ఫినైల్‌ఎసిటేట్‌ది తేనె వాసన. ఎస్టర్ ఎటు తిరిగిందో ముక్కు కూడా గుర్తుపడుతుంది, నాకు ఇది ఎప్పుడు తలుచుకున్నా ఆశ్చర్యమే. అలాగని తెలియని సీసాలు వాసన చూసి తేల్చే పని మాత్రం పెట్టుకోకండి, లోపల ఏముందో తెలిసేదాకా ముక్కు దూరంగానే ఉంచాలి.

సీసానంబర్7:

ఈరోజు ట్యూబ్ మార్చి మళ్ళీ తీశాను. 2.17 పూర్తిగా పోయింది. 1.56 తగ్గింది కానీ ఇంకా ఉంది. డెప్ట్ కూడా తీయించాను, 66.3 కిందికి, 21.0 పైకి.

డెల్టా_స్కేల్ గారు చెప్పినట్టు నాలుగు బొమ్మలు పక్కపక్కన గీసి ఒక్కొక్క పీక్ ఎదురుగా ఏ బొమ్మకి సరిపోతుందో రాసుకుంటూ వచ్చాను. ఇథైల్ బెంజోయేట్ ప్రోటాన్ దగ్గరే పోయింది, టోలైల్ ఎసిటేట్ ఇంటిగ్రేషన్ దగ్గర పోయింది, నా పాత జవాబు 2.09 దగ్గర పోయింది. హెచ్‌ఎంబీసీ బంధాలు కూడా లెక్కపెట్టి చూశాను, రెండిట్లోనూ నిజంగా ఒకేలా ఉన్నాయి.

రెండో సీసా ఇచ్చారు. అణుభారం బేసి సంఖ్య, 121. నైట్రోజన్ ఉందని అక్కడే రాసుకున్నాను, మిగతాది రేపు ట్యూబ్ పూర్తిగా ఆరాక తీస్తాను.